వంటింటి సామానుతో సెన్సరీ ఆటలు: థెరపీ లక్ష్యానికి తగ్గట్టు ఇంట్లో ఎలా చేయించాలి

ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు తమంతట తాము చేసుకోవడం నేర్పే చికిత్స) గదిలోంచి బయటకు వెళ్తూ తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఇంట్లో ఏం చేయించాలి మేడమ్?" ఆ వెంటనే ఫోను తీసి, రంగురంగుల బియ్యం నింపిన టబ్బు ఫొటో ఒకటి చూపించి, "ఇలాంటిది కొనమంటారా?" అని కూడా అడుగుతారు. కొననక్కరలేదు. మీ వంటింట్లో ఉన్న పోపుల డబ్బా, ఇడ్లీ రేకులు, చేట, రెండు గ్లాసుల నూకలు చాలు. అయితే వాటిని పిల్లవాడి ముందు పెట్టి మీరు మీ పనిలోకి వెళ్ళిపోతే అది ఉత్త ఆటగానే మిగులుతుంది. ఆడుకోవడంలో తప్పేమీ లేదు గాని, థెరపిస్టు పెట్టిన లక్ష్యానికి ఆ ఆట ఉపయోగపడాలంటే, ఏ పని కోసం ఆడిస్తున్నామో ముందు తేల్చుకుని, సామాను సంగతి ఆ తరువాత చూడాలి. ఆ వరుసలోనే ఇక్కడ చెబుతున్నాను.

సిద్ధాంతం గురించి రెండే మాటలు. స్పర్శ, కదలిక, బరువు వంటి అనుభూతులను మెదడు సమన్వయం చేసుకునే తీరును అమెరికాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపిస్టు జీన్ ఎయర్స్ వివరించారు; ఆమె పుస్తకం 1972లో వచ్చింది. ఈ అనుభూతుల మీద ఆధారపడే సెన్సరీ థెరపీల ఫలితాల మీద పరిశోధన ఇంకా పరిమితంగానే ఉందని, ఆ విషయం కుటుంబాలకు చెప్పాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2012లో పిల్లల వైద్యులకు సూచించింది. కాబట్టి బియ్యంలో చేతులు పెడితే ఆటిజం తగ్గిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఒక ఫలానా పని, అంటే ముద్ద కలుపుకోవడమో, గుండీ పెట్టుకోవడమో, దాన్ని సాధన చేయడానికి ఈ ఆటలు ఒక దారి. ఇక్కడ చెప్పేది అంతవరకే.

కావలసినవి

అంచు ఎత్తుగా ఉన్న పళ్ళెం లేదా వెడల్పాటి బేసిన్ ఒకటి, కింద పరచడానికి పాత దుప్పటి, తడి తుడుచుకోవడానికి తువ్వాలు, చేతులు కడుక్కోవడానికి గిన్నెడు నీళ్ళు, రాసుకోవడానికి ఒక నోటు పుస్తకం సిద్ధం చేసుకోండి. ఆటకు నూకలు, బొంబాయి రవ్వ, సగ్గుబియ్యం, బియ్యప్పిండి, చింతపిక్కలు ఉంటే చాలా లక్ష్యాలకు సరిపోతాయి. ఇవన్నీ ఒకేసారి బయటకు తీయకండి. ఇంట్లో పాత సోల, గిద్ద ఉంటే తప్పకుండా వాడండి. ఒకదానిలోంచి మరొకదానిలోకి పోయడానికి పిల్లల చేతికి అంత బాగా అమరే గిన్నెలు బజారులో దొరకడం కష్టం.

నూకలు ఎందుకంటే, చాలా ఇళ్ళలో నాయనమ్మలు, అమ్మమ్మలు బియ్యంతో ఆటలంటే ఒప్పుకోరు. అన్నం పరబ్రహ్మ స్వరూపమని వారు అంటే అందులో వాదించవలసింది ఏమీ లేదు. రంగు కలపని నూకలతో ఆడించి, తరువాత పక్షులకో కోళ్ళకో వేస్తామని చెబితే సాధారణంగా ఒప్పుకుంటారు. అప్పటికీ ఇష్టపడకపోతే జల్లించి, కడిగి, ఎండబెట్టిన ఇసుక వాడండి.

వాడకూడనివి

ఈ భాగాన్ని దయచేసి దాటవేయకండి.

నీళ్ళలో వేస్తే ఉబ్బే రంగురంగుల జెల్లీ గోళీలను ఇంట్లోకి రానివ్వకండి. పిల్లలు మింగితే అవి కడుపులో కూడా ఉబ్బి పేగుకు అడ్డుపడతాయి. వాటి బదులు ఉడికించి చల్లార్చిన సగ్గుబియ్యం వాడండి. అదే జారుడుతనం, అదే మెరుపు ఉంటాయి, నోట్లో పెట్టుకున్నా భయం లేదు. గురివింద గింజలు, ఆముదం గింజలు చూడటానికి ఎంత అందంగా ఉన్నా విషపూరితమైనవి. నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. పచ్చి రాజ్మా గింజలు తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. శనగలు, బఠానీలు ముక్కులోనో చెవిలోనో దూరితే ఆ తడికి ఉబ్బి బిగుసుకుంటాయి. దుకాణంలో అమ్మే ముగ్గు పిండి చాలావరకు రాతి పొడి; ముగ్గు వేయించాలంటే బియ్యప్పిండి తీసుకోండి. బోరాక్స్ కలిపి చేసే స్లైమ్ (సాగే జిగురు ముద్ద) చర్మానికి మంచిది కాదు.

మైదా, గోధుమపిండి పచ్చివిగా తింటే వాటిలోని సూక్ష్మక్రిముల వల్ల జబ్బు చేయవచ్చు. ఉప్పు బాగా కలిపి చేసే ఆట పిండి ఎక్కువగా మింగితే మరీ ప్రమాదం. చేతికి అందినదల్లా నోట్లో పెట్టుకునే పిల్లలకు ఉడికించినవే ఇవ్వండి. మూడేళ్ళలోపు పిల్లలకు చిన్న వస్తువులు ఇచ్చే ముందు టిష్యూ రోలు మధ్యలో ఉండే అట్ట గొట్టంలో వేసి చూడండి. అందులోంచి జారిపడే వస్తువేదైనా గొంతుకు అడ్డుపడగలదు, కనుక ఇవ్వకండి. ఈ లెక్కన చింతపిక్కలు కూడా మూడేళ్ళు దాటిన, నోట్లో పెట్టుకునే అలవాటు పోయిన పిల్లలకే. నీళ్ళ ఆట అయితే బకెట్టు వద్దు, లోతులేని పళ్ళెం చాలు. ఆట కాగానే నీళ్ళు పారబోయండి. పిల్లవాడిని ఒంటరిగా వదిలి ఫోను అందుకోవడానికి కూడా లేవకండి.

మింగడంలో ఇబ్బంది, మూర్ఛ, గజ్జి, ఎగ్జిమా, వేరుశనగ లేదా గోధుమ పడకపోవడం వంటివి ఉన్న పిల్లల విషయంలో డాక్టరునో థెరపిస్టునో అడిగాకే మొదలుపెట్టండి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడ ఎముకల కీలు వదులుగా ఉంటుంది కాబట్టి, పిల్లిమొగ్గలు, తలకిందులు చేయించే ఆటలు డాక్టరు అనుమతి లేనిదే వద్దు.

చేయవలసిన పద్ధతి

1. లక్ష్యాన్ని ఒక్క వాక్యంలో రాసుకోండి. "సెన్సరీ ఇష్యూస్ తగ్గాలి" అనేది లక్ష్యం కాదు. దాన్ని ఎవరూ కొలవలేరు. "పెరుగన్నం చేత్తో కలిపి ఐదు ముద్దలు తినాలి" అనేది లక్ష్యం. "చొక్కా పై గుండీ తనే పెట్టుకోవాలి" అనేది లక్ష్యం. మీ థెరపిస్టు ఫైలులో ఇంగ్లీషులో రాసి ఉంటే, ఇంట్లో చేసే ఏ పని మారితే ఆ లక్ష్యం నెరవేరినట్టో అడిగి తెలుగులో రాయించుకోండి. ఒకసారికి ఒక్క లక్ష్యమే, కనీసం రెండు వారాలు.

థెరపిస్టు ఇంకా దొరకని వారు జిల్లా ఆసుపత్రిలోని సత్వర జోక్య కేంద్రాన్ని అడగండి. డైక్ అని పిలిచే ఈ కేంద్రాలు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏర్పడినవి. ప్రత్యేక అవసరాలున్న బడి వయసు పిల్లలకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ భవిత కేంద్రాలు ఉన్నాయి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి నడుస్తున్న జాతీయ సంస్థ, ఇప్పటి పేరు ఎన్‌ఐఈపీఐడీ, మేధో వైకల్యం ఉన్న పిల్లలను పరీక్షించి సలహా ఇస్తుంది.

2. ఇప్పుడు ఎక్కడున్నాడో చూసి రాయండి. ఆట మొదలుపెట్టే ముందు మూడు రోజులపాటు ఏ సాయమూ చేయకుండా ఆ పనిని గమనించండి. పెరుగన్నం ముట్టుకున్నాడా, ఎన్ని వేళ్ళతో, ఎంతసేపటికి చేయి వెనక్కి లాగాడు అన్నవి అంకెల్లో రాయండి. ఈ మెట్టు వదిలేసిన వారే నెల తరువాత "ఏమీ మారలేదు" అంటారు. మొదట ఎలా ఉన్నాడో గుర్తుండదు మరి.

3. లక్ష్యానికి సరిపడే సామాను ఒక్కటి ఎంచుకోండి. తడి, జిగట భరించలేని పిల్లలకు పొడి నూకలు. వేళ్ళలో బలం చాలని వారికి ఉడికించిన పిండి. వేళ్ళ పనితనం కావలసిన వారికి చింతపిక్కలు. మాట రావలసిన వారికి వారు బాగా ఇష్టపడేది ఏదైనా సరే.

4. చోటు, వేళ చూసుకోండి. చేట కింద పెట్టి పిల్లవాడు బాసింపట్టు వేసుకుని కూర్చోవచ్చు. కుర్చీలో అయితే పాదాలు నేలకో పీటకో ఆనాలి. వేలాడే కాళ్ళతో చేతులు స్థిమితంగా పనిచేయవు. టీవీ ఆపండి, పక్క గదిలో మిక్సీ వేయవద్దని చెప్పండి. పిండి ఆట అయితే ఫ్యాను తగ్గించండి, లేకపోతే పిండంతా కళ్ళలో పడుతుంది. ఆకలి మీద, నిద్ర ముంచుకొచ్చే వేళ మొదలుపెట్టకండి. మొదటి వారం ఐదు నిమిషాలు మించనివ్వకండి. పెరిగినా పదిహేను చాలు.

5. ఆట ఎప్పుడు అయిపోతుందో ముందే చూపించండి. "ఐదు గ్లాసులు పోశాక అయిపోయింది" అని ఐదు గాజులు పక్కన పెట్టి, ఒక్కో గ్లాసుకు ఒక్కో గాజు తీసివేయండి. చివర మూత పెట్టే పని పిల్లవాడికే ఇవ్వండి. ఉన్నట్టుండి లాగేసుకుంటే రేపు చేటను చూడగానే ఏడుస్తాడు.

6. ముందు మీరు ఆడండి. మీ చేతులు పెట్టి, నిదానంగా, ఎక్కువ మాటలు లేకుండా ఆడుతూ ఉండండి. పిల్లవాడి చేయి పట్టుకుని ముంచకండి. ఈ మాట గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఉద్యోగంలో చేరిన కొత్తలో అలవాటైపోతుందనే ధీమాతో నేనే ఒక పిల్లవాడి అరచేతిని తడి పిండిలో అదిమాను. ఆ తరువాత మూడు వారాలు వాడు నా గది గుమ్మంలోకి రాగానే రెండు చేతులూ వెనక్కి దాచుకునేవాడు. పిండి సంగతి అలా ఉంచి, నా మీద నమ్మకం తిరిగి రావడానికే ఆ మూడు వారాలూ పట్టాయి.

7. మెట్టు పెంచేటప్పుడు ఒక్కటే మార్చండి. తడి పెంచితే సమయం పెంచకండి. సమయం పెంచితే సామాను మార్చకండి. మూడు వేర్వేరు రోజుల్లో తేలికగా చేయగలిగాకే పై మెట్టు.

8. అదే రోజు అసలు పనిలోకి తీసుకెళ్ళండి. నూకల ఆట కాగానే భోజనం వేళ అయ్యేటట్టు చూసుకుంటే, ఆడిన వేళ్ళే ముద్ద దగ్గరికి వెళ్తాయి. ఆట ఒక వైపు, జీవితం ఒక వైపు ఉండిపోతే నెలల తరబడి నూకల్లో బాగా ఆడే పిల్లవాడు కంచం దగ్గర ఎప్పటిలాగే చేతులు ముడుచుకుని కూర్చుంటాడు.

ఒక ఉదాహరణ: పెరుగన్నం దాకా

నాలుగేళ్ళ పిల్లవాడు ఒకడు, మాటలు బాగానే వచ్చు, అన్నం మాత్రం చెంచాతో అమ్మ తినిపించాల్సిందే. పెరుగు వేలికి తగిలితే ఐదు వేళ్ళూ విడదీసి, చేతిని గాలిలో అలాగే నిలబెట్టి, తుడవడానికి అమ్మ కొంగు కోసం చూసేవాడు. బడిలో మధ్యాహ్న భోజనం చేత్తో తినాలి కాబట్టి, "పెరుగన్నం ఐదు ముద్దలు తనే తినాలి" అన్నది లక్ష్యం. అతని కోసం వేసుకున్న మెట్లు ఇవి.

మొదట పొడి నూకల్లో ఐదు గాజులు దాచి, చెంచాతో వెతకమన్నాం. చెంచా చిన్నదవుతూ వచ్చింది. గాజు అంచు కనబడగానే వేళ్ళతో లాగడం తనంతట తనే మొదలుపెట్టాడు. తరువాత రవ్వ. రవ్వ వేళ్ళకు అంటుకుంటుంది గాని దులిపితే పోతుంది. ఆ "పోతుంది" అన్న ధైర్యమే ఇక్కడ ముఖ్యం. ఆపైన ఉడికించి చల్లార్చిన సగ్గుబియ్యాన్ని జిప్ కవరులో పోసి, గాలి తీసి, గట్టిగా మూసి, పైనుంచి వేలితో నొక్కి బొమ్మలు గీయించాం. లోపల జిగట ఉన్నా చేతికి తడి తగలదు. రెండు రోజులయ్యాక కవరు మూల కొద్దిగా తెరిచి ఉంచితే, మూడో రోజు ఒక వేలు లోపలికి వెళ్ళింది.

నాలుగో మెట్టుకు చేగోడీల పిండి. గ్లాసు నీళ్ళు మరిగించి, చిటికెడు ఉప్పు, చెంచా నూనె వేసి, పొయ్యి ఆపి, గ్లాసు బియ్యప్పిండి పోసి కలిపి మూత పెట్టండి. గోరువెచ్చగా అయ్యాక మీరే బాగా మర్దించి, మీ మణికట్టు లోపలి వైపు తాకించి వేడి చూసుకున్న తరువాతే పిల్లవాడికి ఇవ్వండి. పగులుతుంటే తడి చేతితో మళ్ళీ మర్దించండి. అంటుకుంటుంటే మరో చెంచా పొడి పిండి చల్లండి. సన్నగా పాకించి చుట్టలు చుట్టించడంలో రెండు చేతులూ కలిసి పనిచేస్తాయి. ఆ పిండిని ఆ రోజే వాడి పారేయండి.

ఆ తరువాతవి ఆటలు కావు, భోజనమే. పొడిపొడిగా వండిన అన్నంలో నెయ్యి వేసి ముద్ద చేయడం, తరువాత ముద్దపప్పు కలిపింది, తరువాత గట్టి పెరుగు ఒక చెంచా, చివరికి మామూలు పెరుగన్నం. పక్కన తువ్వాలు, నీళ్ళ గిన్నె ఎప్పుడూ ఉండేవి. కావలసినప్పుడల్లా తుడుచుకోవచ్చని ముందే చెప్పాం. తుడుచుకునే వీలుందని తెలిసిన పిల్లలు తుడుచుకోవడం తగ్గిస్తారు. తుడవనివ్వని ఇళ్ళలోనే గొడవ ఎక్కువ.

మీ పిల్లవాడు రెండో మెట్టులోనే వారాల తరబడి ఆగిపోవచ్చు, మూడోది దాటేయనూ వచ్చు. తడి ఇష్టం, పొడి గరగర పడదు అనే పిల్లలూ ఉంటారు. వారికి ఈ మెట్లు తిరగేయండి.

వేళ్ళ బలం, పనితనం కోసం

బొటనవేలు, చూపుడువేలి చివరలతో చిన్న వస్తువును పట్టుకోవడం సాధారణంగా తొమ్మిది నుంచి పన్నెండు నెలల మధ్య వస్తుంది. గుండీలు, జిప్పులు, పెన్సిలు అన్నీ దాని మీద ఆధారపడినవే. దీనికి నాకు తెలిసిన అన్నిటికంటే మంచి పనిముట్టు వామనగుంటల పీట. రెండు వరుసల్లో పద్నాలుగు గుంటలు. గుప్పిట్లో చింతపిక్కలు పట్టుకుని, ఒక్కొక్క పిక్కనే బొటనవేలితో వేళ్ళ చివరికి తోసుకుంటూ గుంటకొకటి జారవిడవాలి. మిగతావి పడిపోకుండా ఒక్కటే బయటకు రావడం చిన్న పని కాదు. థెరపీ గదుల్లో నాణేలతో, పూసలతో మేము చేయించేది సరిగ్గా ఇదే. మన ముసలమ్మలు మధ్యాహ్నాలు కూర్చుని ఏ ఖర్చూ లేకుండా చేయించారు. పీట లేకపోతే ఇడ్లీ రేకులు చాలు. మొదట గుప్పిట్లో రెండు పిక్కలతో మొదలుపెట్టి, పడకుండా చేయగలిగితే మూడు, నాలుగుకు పెంచండి.

ఆడేటప్పుడు ఉంగరపు వేలు, చిటికెన వేలు కూడా వచ్చి సాయం చేస్తుంటే, చిన్న దూది ఉండను ఆ రెండు వేళ్ళ కింద అరచేతిలో పట్టుకోమనండి. అప్పుడు పనంతా మిగతా మూడు వేళ్ళ మీద పడుతుంది.

బలానికి స్పాంజిని ఒక గిన్నెలో ముంచి రెండో గిన్నెలో పిండటం, పళ్ళెం అంచుకు బట్టల క్లిప్పులు పెట్టడం మంచివి. క్లిప్పు మీరు నొక్కి చూడండి. మీకే గట్టిగా ఉంటే పిల్లవాడు వేళ్ళు మడిచి పక్క నుంచి నొక్కి తప్పు పట్టు నేర్చుకుంటాడు. ఆరేడేళ్ళ పిల్లలకు జంతికల గొట్టంలో మెత్తటి చేగోడీ పిండి పెట్టి తిప్పించండి. పండక్కి చక్రాలు వండేటప్పుడు అందరితో పాటు వాడూ ఓ చేయి వేసినట్టు ఉంటుంది, అదొక లాభం.

మాట కోసం

స్పీచ్ థెరపిస్టు "ఇంకా", "కావాలి", "అయిపోయింది" వంటి మాటలు లక్ష్యంగా ఇచ్చి ఉంటే, ఏ ఆటైనా పనికొస్తుంది, సామాను మీ దగ్గర పెట్టుకున్నంత వరకు. రెండు చెంచాల నూకలు పోసి ఆగండి. పిల్లవాడి ముఖం చూస్తూ మనసులో పది లెక్కపెట్టండి. చూపు, చేయి చాపడం, శబ్దం, మాట, ఏది వచ్చినా వెంటనే "ఇంకా" అని మీరు స్పష్టంగా అని పోయండి. పదయ్యాక కూడా ఏమీ రాకపోతే మీరే అని పోయండి. ఏడిపించి మాట రాబట్టకండి. "ఇదేంటి? ఇదే రంగు? ఎన్ని ఉన్నాయి?" అని వరుసగా అడగడం పరీక్ష అవుతుంది, ఆట కాదు.

తరచూ జరిగే పొరపాట్లు

అన్నిటికంటే ఎక్కువగా చూసేది తొందరపడి సాయం చేయడం. పిక్క వేళ్ళలోంచి రెండుసార్లు జారగానే అమ్మ చేయి ముందుకు వస్తుంది. ఆ జారడంలోనే వేళ్ళు నేర్చుకుంటున్నాయి. మీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం సాధన చేయండి; నిజంగా కష్టమే.

రెండోది రోజుకో కొత్త ఆట. వీడియోల్లో ప్రతిదీ కొత్తగా కనబడుతుంది కాబట్టి మీకే విసుగు పుడుతుంది. పిల్లవాడికి అదే నూకల పళ్ళెం పదో రోజు కూడా బాగానే ఉంటుంది. పళ్ళెంలో ఇరవై బొమ్మలు పోయడం కూడా ఇలాంటిదే. చూపు ఎక్కడ నిలపాలో తెలియక అన్నీ గిరాటు వేస్తారు.

విసిరేస్తున్నాడనే ఫిర్యాదు బాగా వస్తుంది. ముందు నూకలు గ్లాసు మించకుండా తగ్గించండి. విసరడమే ఇష్టమైతే, గుడ్డ సంచిలో బియ్యం పోసి కుట్టి, దాన్ని బుట్టలో వేసే ఆట వేరుగా పెట్టండి. తిట్టడం వల్ల విసరడం తగ్గిన పిల్లవాడిని నేను చూడలేదు.

చివరిది, బాధను మొండితనమనుకోవడం. ఓకరింత, చెమట, ముఖం పాలిపోవడం, చెవులు మూసుకోవడం, తల పూర్తిగా తిప్పేసుకోవడం కనబడితే ఆ మెట్టు ఎక్కువైందని అర్థం. ఆపి, కింది మెట్టుకు వెళ్ళండి. మరో పక్క, ఆపకుండా పకపకా నవ్వుతూ ఒళ్ళు తెలియకుండా గంతులేస్తున్నా అది సంతోషమేనని అనుకోనక్కరలేదు. ఉద్రేకం మితిమీరినప్పుడు కూడా పిల్లలు అలాగే ఉంటారు. గది చీకటి చేసి, దిండును గట్టిగా కౌగిలించుకోనిచ్చి, కాసేపు ఊరుకోండి.

ఫలితం ఉందో లేదో చూసుకోవడం

పుస్తకంలో రోజూ ఒక్క వరుస చాలు: తేదీ, ఏ మెట్టు, ఎంతసేపు, ఎంత సాయం. సాయాన్ని మూడు గుర్తులతో రాయండి: తనే చేశాడు, చెబితే చేశాడు, చేయి పట్టాల్సి వచ్చింది. వారానికి ఒకసారి, ఒకే చోట ఫోను ఆనించి పెట్టి, రెండు నిమిషాల వీడియో తీయండి. పక్కపక్కన పెట్టి చూస్తే రోజూ చూసే కళ్ళకు కనబడని మార్పు కనబడుతుంది: వేళ్ళు ముందుకంటే దగ్గరగా వచ్చాయా, తుడుచుకోవడానికి ముందు పది సెకన్లు ఆగేవాడు ఇప్పుడు నలభై ఆగుతున్నాడా.

అసలు పరీక్ష ఆట దగ్గర కాదు, ఆ పని దగ్గర. మీ ఇంట్లో, మీ చేతి వంటతో, మీరు పక్కనుంటే ఐదు ముద్దలు తింటున్నాడంటే సగం వచ్చినట్టే. అమ్మమ్మ ఇంట్లో, వేరే కంచంలో, మీరు లేనప్పుడు కూడా తింటే వచ్చినట్టు.

మూడు నాలుగు వారాలైనా పుస్తకంలో అంకెలు కదలకపోతే మెట్టు మరీ ఎత్తుగా ఉండి ఉంటుంది, లేదా లక్ష్యమే ఇప్పటికి తగినది కాకపోవచ్చు; పుస్తకం, వీడియోలు తీసుకెళ్ళి థెరపిస్టుకు చూపించండి. అంతకుముందు వచ్చిన మాటలో పనులో పోతున్నా, ఏడాదైనా నిండని బిడ్డ ఎప్పుడూ ఒక్క చేతినే వాడుతూ రెండో చేతిని కదపకపోతున్నా ఆటలతో కాలం గడపకుండా పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

సామాను విషయం ఒకటి మిగిలింది. పొడి నూకలను గాలి చొరని డబ్బాలో రెండు వేపాకులు వేసి దాచుకుని, వారానికొకసారి ఎండలో పోయండి. తడి తగిలినా, ముక్క వాసన వచ్చినా, పురుగు కనబడినా పారేయండి. లక్ష్యం నెరవేరి, ఆ పని రోజూ ఇబ్బంది లేకుండా జరుగుతూ ఉంటే ఆ ఆటను నిలిపివేసి, థెరపిస్టుతో మాట్లాడి రెండో వాక్యం రాసుకోండి. పోపుల డబ్బాను శుభ్రంగా కడిగి మళ్ళీ ఆవాలకు, జీలకర్రకు ఇచ్చేయవచ్చు.